కదపకుండా ఉంచిన భుజం

బల్లి మేస్త్రి అంటే ఇల్లు కట్టించుకునేవాళ్ళకు ఇంకో గుర్తు చెప్పనక్కర్లేదు. గోడలకు ప్లాస్టరు చేసే తాపీ మేస్త్రీలు వీధికి నలుగురుంటారు. సీలింగు సంగతి వేరు. గోడకు కొట్టిన సిమెంటు మాలు గోడకే ఆనుకుంటుంది. కప్పుకు కొట్టిన మాలుకు మాత్రం కొట్టినవాడి చెయ్యే ఆధారం. తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తి, తాపీతో మాలు విసిరి, చెక్కతో అదిమి, అది అంటుకునేదాకా అలాగే నిలబడాలి. కళ్ళలో సిమెంటు పడుతుంది, మెడ నరాలు లాగుతాయి. అందుకే సీలింగు అనగానే మిగతా మేస్త్రీలకు ఎక్కడో ఏదో పని గుర్తొచ్చేది. ఈయన మాత్రం పొద్దున పరంజా ఎక్కితే మధ్యాహ్నం అన్నానికే దిగేవాడు. కప్పుకు కరుచుకుని కనిపించే ఆ మనిషిని చూసి ఎవరో బల్లి అన్నారు. ఆయన కోప్పడలేదు. కోప్పడితే పేర్లు ఇంకా గట్టిగా అంటుకుంటాయని ఆయనకు తెలుసు. అయినా అంటుకుంది.

కింద మాలు కలిపి తట్టతో అందించేది భార్య. వాళ్ళ సంసారంలో సగం మాటలు ఒకరు పైన, ఒకరు కింద ఉండగానే జరిగాయి.

"నీళ్ళెక్కువ పోశావే. జారుతోంది."

"జారేది నీ చెయ్యి. నా నీళ్ళ మీద పడకు."

"చెయ్యి జారితే నీ నెత్తినే పడుతుంది, చూసుకో."

"పడనీ. ఈ నెత్తిన పడనిదేముంది, నిన్ను చేసుకున్నాక!"

మేస్త్రికి చదువు లేదు, ఆస్తి లేదు, గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. ఒక్క విషయంలో మాత్రం గర్వం. తాను చేసిన సీలింగు రాలదు. దానికి కారణం అడిగితే చెయ్యి చూపించేవాడు కాడు, ఓపిక అనేవాడు. "పచ్చిగా ఉన్నప్పుడు కదిలిస్తే లోపల చిట్లుతుంది. ఆ చిట్లు ఇవాళ కనపడదు. సంవత్సరానికి కనపడుతుంది." అందుకని సీలింగు అయ్యాక పక్క గదిలో వడ్రంగిని మేకు కూడా కొట్టనిచ్చేవాడు కాడు. తలుపు గట్టిగా వేస్తే ఇంటి యజమాని మీదైనా విరుచుకుపడేవాడు. పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టించి, ముట్టుకోకుండా వదిలేసేవాడు. ఊరంతా తొందరపడుతుంటే తానొక్కడే ఆగగలడు. ఆ ఆగడమే తన పనితనమని నమ్మాడు.

కాలు జారితే తీసుకోవచ్చంటారు. ఒకరోజు పరంజా చెక్క మీద ఆయన కాలు జారింది, తీసుకున్నాడు కూడా. కానీ పడిపోకుండా కుడిచేత్తో పైన పైపు పట్టుకుని ఒక్క క్షణం వేలాడాడు. మనిషి బరువంతా ఆ ఒక్క భుజం మీద పడింది. లోపల తడిగుడ్డ చింపినట్టు ఏదో అయింది. కింద నుంచి భార్య కేకేసింది. పక్క గదిలో గోడ చేస్తున్న బావమరిది, అంటే ఆమె తమ్ముడు, తాపీ పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"బల్లి మీద పడితే ఏమవుతుందో చెప్పేవాళ్ళున్నారు గానీ, బల్లే పడబోతే ఏమవుతుందో చెప్పేవాళ్ళు లేరు బావా," అన్నాడు, దెబ్బ తగల్లేదనుకుని.

మేస్త్రి కూడా నవ్వాడు. దిగలేదు. కింద మాలు కలిపి ఉంది. కలిపిన మాలు ఆగదు, గట్టిపడి పాడైపోతుంది. అది అయ్యేదాకా ఆ చేత్తోనే పని చేసి, సాయంత్రం దిగబోతే నిచ్చెన మెట్టు పట్టుకోవడానికి చెయ్యి లేవలేదు.

ఆ చుట్టుపక్కలకంతా ఒకటే చిన్న ఆసుపత్రి. జ్వరాలకూ, కాన్పులకూ, కుక్కకాట్లకూ అన్నిటికీ ఒకే డాక్టరు. ఆయన భుజం నొక్కి చూశాడు. మేస్త్రి అరిచిన అరుపుకు బయట వరసలో కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఎముక విరిగినట్టు లేదు. లోపల కండ చిరిగి ఉండొచ్చు. అది నా పని కాదు. భుజాలు చూసే డాక్టరుకు చూపించుకోవాలి."

"ఎక్కడుంటారండీ ఆయన?" అంది భార్య.

"పెద్దాసుపత్రిలో. అప్పటిదాకా చేతికి కట్టు వేసి, కదపకుండా విశ్రాంతి ఇవ్వండి."

అప్పటిదాకా అన్నాడే గానీ, ఎప్పటిదాకానో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారి వెళ్ళారు. భుజాల డాక్టరు గది వెతికి పట్టుకోవడానికే పూట గడిచింది. తలుపు మీద పేరుంది, తలుపుకు తాళముంది. నేల తుడుస్తున్నామె చెప్పింది, ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడనీ, ఇంకొకాయన వస్తాడనీ.

"ఎప్పుడొస్తాడమ్మా?"

"వచ్చినప్పుడు."

ఆమె వెటకారంగా అనలేదు. తెలిసినంతే చెప్పింది. మళ్ళీ ఒకసారి వెళ్ళారు. తలుపు మీద ఉన్న పేరు కూడా పోయింది, తాళం మాత్రం ఉంది. ఇంకా దూరంలో మహానగరంలో అలాంటి డాక్టర్లు వీధికొకరున్నారని బస్సులో ఎవరో చెప్పారు. చంద్రుడి మీద నీళ్ళున్నాయట అన్నట్టు విని ఊరుకున్నారు.

డాక్టరు లేనప్పుడు మనిషి తనకు తెలిసిన విద్యనే వైద్యం చేసుకుంటాడు. మేస్త్రికి తెలిసిన విద్య ఒక్కటే. లోపల చిరిగిందన్నారు, అంటే పగులు. కదపొద్దన్నారు, అంటే పచ్చిది. ఆయనకు దారి దొరికినట్టయింది. భార్య పాత దుప్పటి చింపి చేతిని ఛాతీకి అదిమి కట్టింది. "ఇంకా బిగించు," అన్నాడాయన. పొద్దునా సాయంత్రం తడిగుడ్డ పిండి భుజం మీద వేయించుకునేవాడు. ఎందుకు తడి అని ఆమె అడగలేదు. ఆయన పనిలో తడి ఎందుకో ఆమెకు తెలుసు.

రెక్కాడితే గానీ డొక్కాడదనే మాట ఎవరన్నారో గానీ, రెక్క కట్టేసుకుని కూర్చున్నవాడి ఇంట్లో అది సామెతలా వినపడదు. ఆమె తమ్ముడి దగ్గర మాలు కలపడానికి పోసాగింది. వెళ్ళేముందు ఆయనకు చొక్కా తొడిగి బొత్తాలు పెట్టేది, తల దువ్వేది, అన్నం కలిపి ముద్దలు నోటికందించేది.

"చిన్నప్పుడు మా తమ్ముడికి కూడా ఇన్ని ముద్దలు పెట్టలేదు నేను."

"పెట్టి ఉంటే వాడికి సీలింగు పని వచ్చేది."

"నోటికేం కట్టు వెయ్యలేదని తెలుస్తూనే ఉందిలే. తిను."

బావమరిది వారానికోసారి వచ్చి చూసేవాడు. వాడు గోడలు పరవాలేదనిపిస్తాడు గానీ, సీలింగు చేస్తే చూరు కిందికి వంగినట్టు కనపడుతుందని బావ ఆటపట్టించేవాడు. అలాంటివాడు ఒకరోజు కట్టు వైపు అనుమానంగా చూసి, "బావా, ఇన్నాళ్ళయింది కదా, కాస్త కాస్త కదిపి చూడరాదూ? మా గోడపక్క ముసలాయనకు చెయ్యి బెణికితే..." అని ఏదో చెప్పబోయాడు.

"నీ సీలింగులు ఎందుకు రాలతాయో ఇప్పుడు తెలిసిందిరా."

"ఎందుకు?"

"తొందర. తెల్లారకముందే వేలు పెట్టి చూస్తావు."

భార్య కూడా మొగుడి వైపే మాట్లాడింది. "నీకేం తెలుసురా, ఆయన ముట్టుకోకుండా వదిలేసిన సీలింగుకు ఇవాళ్టిదాకా బీట పడిందా?" నిజమే మరి, పడలేదు.

కొన్నాళ్ళకు నొప్పి తగ్గడం మొదలైంది. ఇంకొన్నాళ్ళకు, కదపకపోతే అసలు లేదు. ఆ ఇంట్లో అంత సంతోషం చాలాకాలం తర్వాత కనిపించింది. ఆమె వీధిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. కాంట్రాక్టరు చెవికీ వెళ్ళింది. బడి కోసం ఆయన కడుతున్న పెద్ద హాలుకు అప్పుడే శ్లాబు పోశారు. మధ్యలో స్తంభాలు లేని హాలు. దాని సీలింగు బల్లి మేస్త్రి చేస్తేనే అందమని ఆయనే స్వయంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి అన్నాడు.

"శ్లాబు కింద సెంట్రింగు చెక్కలు విప్పేదాకా నీకు టైముంది మేస్త్రీ. ఆలోపు తయారవుతావా? లేకపోతే నీ బావమరిదికే ఇవ్వాలి."

"మీరు సెంట్రింగు విప్పేనాటికి నేను కట్టు విప్పుతానండీ."

ఆ మాట అన్నప్పటి నుంచి ఆయనకు ఆ హాలు తప్ప వేరే ఆలోచన లేదు. చేతిని ఇంకా జాగ్రత్తగా చూసుకున్నాడు. నిద్రలో కదులుతుందేమోనని మంచానికి గోడ వైపు పడుకున్నాడు. పనిలోంచి తిరిగొచ్చిన భార్యను కూర్చోబెట్టి, ఆ సీలింగు ఏ మూల నుంచి మొదలుపెట్టాలో, మట్టం చేసే బద్ద ఎలా లాగాలో ఎడమ చేత్తో గాలిలో చూపించేవాడు.

కట్టు విప్పిన రోజు ఆమె పనికి పోలేదు. తమ్ముణ్ణి కూడా రమ్మంది. దుప్పటి పీలికలు ఒక్కొక్కటే విప్పింది. లోపలి చెయ్యి సన్నబడి, తెల్లబడి, వేరే మనిషిదిలా ఉంది. మేస్త్రి కుర్చీలోంచి లేచి నిలబడి, తాపీ పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి, చెయ్యి పైకెత్తాడు.

చెయ్యి పొట్ట దాకా వచ్చి ఆగింది. ఆయన ఇంకా ఎత్తాడు. భుజమంతా చెవి దగ్గరికి లేచింది గానీ చెయ్యి లేవలేదు. భార్య ఆయన మోచేయి కింద చెయ్యి పెట్టి మెల్లిగా పైకి తోసింది. తుప్పు పట్టిన తలుపు బందు దగ్గర తలుపు ఆగినట్టు ఆగిపోయింది. కాస్త బలం పెడితే మేస్త్రి పళ్ళు బిగించి కూర్చుండిపోయాడు.

ముందు ఆయనే అన్నాడు. "బాగా గట్టిపడిందే."

నవ్వబోయాడు. బావమరిది మొహం చూసి మానేశాడు. నేను చెప్పానుగా అనడానికి అంతకంటే మంచి సమయం వాడికి జీవితంలో దొరకదు. అయినా అనలేదు.

చిన్న ఆసుపత్రిలో డాక్టరు మారాడు. ఈసారి చిన్న వయసు డాక్టరమ్మ. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నాళ్ళు కట్టి ఉంచమని ఎవరు చెప్పారు?" అంది.

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.

"ఎవరూ చెప్పలేదమ్మా. మా పనిలో అంతే," అన్నాడాయన.

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు, బయట వరస గుమ్మం దాటి ఉంది. అయినా లేచి నిలబడి చూపించింది. గోడకు ఎదురుగా నిలబడాలి, వేళ్ళతో గోడ మీద నడుస్తున్నట్టు పైకి పోవాలి, నొప్పి వచ్చిన చోట ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. "నాకు తెలిసింది ఇంతే. లోపల చిరిగింది ఎంతో నాకు తెలియదు. స్పెషలిస్టు చూడాలి. ముందే వచ్చి ఉంటే..." అని ఆపేసింది. మంచి పిల్ల.

ఆయన గోడ ముందు నిలబడ్డాడు. అది తన చేత్తో ప్లాస్టరు చేసుకున్న గోడే. పొద్దున భార్య పనికి పోయేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి, మధ్యలో ఎన్నిసార్లో. వేళ్ళు ఎక్కడిదాకా పోతే అక్కడ ఆమె బొగ్గుతో గీత పెట్టేది. గీతలు మొదట్లో తొందరగా లేచాయి. పొట్ట దాటి, ఛాతీ దాటి, భుజం ఎత్తు దాకా వచ్చాయి. అక్కడ ఒకదాని మీద ఒకటి పడి, గీతలన్నీ కలిసి ఒక మందపాటి నల్లపట్టీ అయ్యాయి. దానిపైన గోడ తెల్లగానే ఉండిపోయింది. నూనె మర్దనా, ఇసుక కాపడం, తలుపు మీదుగా తాడు వేసి లాగడం, వీధిలో ప్రతివాడూ చెప్పిన ప్రతిదీ చేశాడు. కదపొద్దంటే ఎంత ఓపిగ్గా కదపలేదో, కదపమంటే అంత ఓపిగ్గానూ కదిపాడు. ఓపిక అన్నిచోట్లా ఒకే ఫలం ఇవ్వదు.

హాలు సెంట్రింగు విప్పేశారని బావమరిది చెప్పాడు. చెబుతూ చూపు తప్పించాడు.

"నీకిచ్చాడా?" అన్నాడు మేస్త్రి.

"ఇస్తానంటున్నాడు. నేనింకా ఊ అనలేదు బావా."

మర్నాడు మేస్త్రి హాలుకు వెళ్ళి, కింద నిలబడి శ్లాబు వైపు చాలాసేపు చూశాడు. ఆయనకు ఒక ఉపాయం తట్టింది. పరంజా ఎత్తు పెంచితే సరి. నిలబడి చెయ్యి పైకెత్తే బదులు, కప్పు తన మొహానికి దగ్గరగా వచ్చేలా చెక్కలు పైకి కట్టించుకుని, కూర్చుని చేస్తే, చెయ్యి భుజం దాకా లేస్తే చాలు. అంతవరకు లేస్తోంది కదా! ఆ మాట చెబితే కాంట్రాక్టరు తల గోక్కున్నాడు.

"ఒక మూల చేసి చూపించు మేస్త్రీ. కుదిరితే హాలంతా నీదే."

బావమరిదే పరంజా కట్టాడు. ఒక్కో ముడి రెండుసార్లు చూసుకున్నాడు. భార్య మాలు కలిపింది. నీళ్ళు చెంబుతో కొలిచి పోసింది. మేస్త్రి ఎడమ చేత్తో నిచ్చెన పట్టుకుని ఎక్కి, కప్పు కింద మెడ వంచుకుని కూర్చున్నాడు. ముందు సిమెంటు పాలు పూశాడు. తాపీతో మాలు విసిరాడు. అంటుకుంది. ఇంకోటి. అదీ అంటుకుంది. కింద ఎవరో ఈల వేశారు.

"బల్లి మళ్ళీ ఎక్కిందిరోయ్!" అన్నాడు కాంట్రాక్టరు.

"నీళ్ళు సరిపోయాయా?" అని కింద నుంచి భార్య అరిచింది. ఆ అరుపులో పాత గొంతు ఉంది.

"ఒకింత ఎక్కువే పోశావు."

"ఏడిశావులే!"

విసరడానికి మణికట్టు చాలు. అదమడానికి భుజం కావాలి. చెక్క పెట్టి అదిమినప్పుడు బలం చివరిదాకా పోవడం లేదని ఆయన చేతికి తెలిసింది. రెండు చేతులూ కలిపి తోశాడు. వీపు ఆనించి తోశాడు. పైకి చూస్తే నున్నగా, మట్టంగా, ఆయన సీలింగులాగే ఉంది. కింద ఉన్నవాళ్ళకు అంతే కనపడింది. ఆయన కూడా దిగొచ్చి, కింద నుంచి చూసి, అంతే చూశాడు. ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం నడిచే ఇంటికి వచ్చారు. దారి పొడుగునా ఆయన మిగతా మూలల గురించే మాట్లాడాడు.

పొద్దున్నే ప్లాస్టరుకు నీళ్ళు కొట్టాలని ఆమె ముందు వెళ్ళింది. చొక్కా తొడుక్కోవడం ఆలస్యమై ఆయన వెనక బయలుదేరాడు. హాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల నేల మీద ముక్కలు కనిపించాయి. తలుపంత పలక ఊడి పడింది. ఆమె పరంజా మీద ఉంది. చీకటిగా కనిపిస్తున్న ఆ ఖాళీ కింద కూర్చుని, ఆయన తాపీతో, మాలు విసురుతోంది. విసిరిందల్లా తిరిగి ఆమె మొహం మీద, ఒళ్ళో పడుతోంది. జుట్టంతా తెల్లగా ఉంది. అది ఇప్పుడు పడిన మాలో, ఊడిన పలక దుమ్మో తెలియడం లేదు.

"నీ మీద పడిందా?"

ఆమె ఉలిక్కిపడింది. "లేదు. పక్కన పడింది. నువ్విప్పుడే ఎందుకొచ్చావు?"

"దిగు."

"వాళ్ళొచ్చేలోపు పూడ్చేద్దామనీ. ఇంతే, చిన్న ముక్క. నువ్వు కింద నుంచి ఎలా కొట్టాలో చెప్పు, నేను కొడతా."

"దిగవే."

"చెప్పయ్యా! ఇన్నేళ్ళు చూశాను కదా, నాకు రాదా?"

ఆయన చెప్పలేదు. చెబితే ఆమె చేసేది. అది కూడా నాలుగు రోజులు నిలిచి, బెంచీల మీద పిల్లలు కూర్చున్నాక పడేది. పక్కన పడిందని ఆమె అంటోంది గానీ, ఎంత పక్కన పడిందో నేల మీద ముక్కలు చెబుతున్నాయి. నీళ్ళ బక్కెట్టు ఆ ముక్కల కింద సగం నలిగి ఉంది.

వెనక నుంచి బావమరిది వచ్చాడు. కప్పు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. పైకెక్కి, ఆమె చేతిలోంచి తాపీ తీసుకుని, చెయ్యి పట్టుకుని దింపాడు.

కాంట్రాక్టరు వచ్చేదాకా మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆయన స్కూటరు ఆపకముందే ఎదురు వెళ్ళాడు.

"నేను చేసిన ముక్క ఊడిందండీ. మిగతాది కూడా పగలగొట్టించెయ్యండి."

కాంట్రాక్టరు లోపలికి తొంగి చూసి వచ్చాడు. "ఊడిన మేర మీ వాడు వేస్తాడులే. మిగతాది బాగానే ఉంది కదా మేస్త్రీ, చూడటానికి."

"చూడటానికే ఉందండీ. పగలగొట్టించండి. హాలు వాడికివ్వండి."

కాంట్రాక్టరు స్కూటరు తాళం జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

బావమరిది సుత్తి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. మొగుడూ పెళ్ళాం బయట ఇసుక కుప్ప మీద కూర్చున్నారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మంచి ప్లాస్టరు పగలగొట్టడం మహా కష్టం. సుత్తి ఎగిరి పడుతుంది, నిప్పులు రాలతాయి, కొట్టేవాడు బూతులు తిడతాడు. మేస్త్రి పాత సీలింగు ఒకటి ఎవరో పగలగొట్టబోయి రెండు సుత్తులు విరగ్గొట్టుకున్నారని చెప్పుకునేవారు. ఇప్పుడు లోపల ఒక దెబ్బ వినపడింది, వెంటనే పలక నేల మీద పడిన చప్పుడు. ఇంకో దెబ్బ, ఇంకో పలక. మేస్త్రి తల వంచుకుని వింటున్నాడు. ఏ ముక్కా రెండో దెబ్బ అడగలేదు.

చప్పుడు ఆగాక బావమరిది గుమ్మంలోకి వచ్చాడు. బావ వైపు చూడలేక ఇసుక వైపు చూస్తూ, "అక్కా, మాలు కలపాలి," అన్నాడు.

ఆమె కదల్లేదు.

"వెళ్ళు," అన్నాడు మేస్త్రి. "నీళ్ళు చూసి పొయ్యి. వాడికి మాలు కొంచెం గట్టిగా ఉండాలి."

ఆమె లేచి, చీర దులుపుకుని లోపలికి వెళ్ళింది.